అరవై నిండని అవ్వ

మీలో చాలామందికి పుట్టినరోజు ఉంది. నెల, తారీఖు, కొందరికి ఘడియలతో సహా. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో నా బల్ల ముందు కూర్చున్న ముసలివాళ్లలో ఎక్కువమందికి అది లేదు. వాళ్లకు ఉన్నది ఒక కరువు, ఒక వరద, ఒక లొల్లి. "రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు నేను మా అవ్వ సంకల ఉన్న" అనేవారు. "మొదటి తెలంగాణ లొల్లి నాడు నా పెండ్లి ఆగిపోయింది" అనేవారు. ఆ ముక్క పట్టుకుని నేను వాళ్లకు ఏండ్లు కట్టేవాణ్ని. బడిలో ఏడో తరగతి దాకే ఉన్నాను. లెక్క ధాన్యం మార్కెట్లో, బస్తాల మధ్య నిలబడి నేర్చుకున్నది. అయినా ఒక మనిషి వయసు ఏడాది అటో ఇటో తప్ప తప్పేవాణ్ని కాదని పేరుండేది.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర మాది యాత్రల ఆఫీసు. రెండు బస్సులు, ఒక గది, గది ముందు రేకుల పందిరి. యజమానిని అందరం సేటు అనేవాళ్లం. ఉర్దూలో కోప్పడి తెలుగులో చల్లబడే మనిషి. లెక్కలు రాసేవాణ్ని కాబట్టి నన్ను మున్షీ అనేవాడు. అప్పుడు నాకు నలభై దాటింది. బాసర, వేములవాడ, శ్రీశైలం లాంటి యాత్రలు ఎట్లాగూ ఉండేవి. వాటితోపాటు, గోదావరి దాటి మహారాష్ట్రలోకి పోయే అడవి యాత్ర ఒకటి మేమే మొదలుపెట్టాం.

అది పులులున్న అడవి, జాతీయ పార్కు. అక్కడ అరవై నిండినవారికి సగం ధరకే పాసు. అది ఒక్కటే అయితే సేటు అంత దూరం బస్సు నడిపేవాడు కాదు. మామూలు బస్సులను పార్కువాళ్లు బయటి బాట మీదనే తిప్పి పంపేవారు. లోపలి మంచె దాకా పోవాలంటే జీపులే. జీపు కుదుపులకు ముసలివాళ్ల నడుములు నిలవవని, వారంలో ఒక రోజు మాత్రం, బస్సులో అందరూ వృద్ధుల పాసు ఉన్నవాళ్లే అయితే ఆ బస్సునే లోపలికి వదిలేవారు. డ్రైవరుకూ, వాళ్లను ఎక్కించి దింపే ఒక తోడు మనిషికీ ఆ వయసు నియమం లేదు. ఆ తోడు మనిషిని ఎప్పుడూ నేనే. మిగతావాళ్లలో ఒక్కరి ఓటరు కార్డులో అరవై నిండకపోయినా బస్సు మొత్తానికి బయటి బాటే. అందుకే ప్రతి యాత్రకు ముందు మా పందిరి కింద ఏండ్ల పంచాయితి జరిగేది. కార్డు తప్పుంటే తహశీలు ఆఫీసుకు పంపి దిద్దించుకు రమ్మనేవాణ్ని.

నేను చెప్పబోయేది సకల జనుల సమ్మె నాటి సంగతి. ఆఫీసులకు తాళాలు. ఆర్టీసీ బస్సులు డిపోల్లో. బడులు లేవు. చౌరస్తాలో పెద్ద టెంటు, అందులో రోజుకొక శాఖవాళ్ల దీక్ష. వానలు వెనకపట్టి అడవి గేటు తెరిచే కాలం కూడా అదే. బస్సు నడపాలా వద్దా అని సేటు స్వయంగా టెంటుకు పోయి అడిగాడు. "ముసలోళ్లను ఎవలాపుతరు సేటూ, తీస్కపో. గని బండి ముంగట జై తెలంగాణ బట్ట కట్టు" అన్నారట.

యాత్రకు ఇంకా కొద్దిరోజులు ఉందనగా ఒకామె వచ్చింది. చిన్నకోడూరు అవతలి ఊరు. సన్నటి మనిషి, చేతికర్ర లేదు గాని నడిచేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతూ నడుస్తున్నది.

"అడివికి బండి పోతదట గదా కొడుకా. నన్ను గూడ తోలుకపో."

"పులిని చూస్తవా అవ్వా?" అన్నాను.

"పులెందుకు? దాన్ని అప్పుడే చూసిన. కుంటను చూడాలె."

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. మెల్లగా చెప్పింది. పెద్ద కరువు నాడు ఇక్కడ పనుల్లేక ఊరి మంది గుంపుగా గోదావరి దాటిపోయారట. అక్కడి అడవిలో ఒక కుంట తవ్వే పని దొరికింది. తానూ, తన అక్కా తట్టలు మోశారు. అక్క అక్కడే చనిపోయింది. కట్ట పక్కన, నీళ్లు రాని ఎత్తు చూసి పూడ్చిపెట్టారు. తొలివానకు ముందే మేస్త్రీ గుంపును తోలేశాడు. కుంటలో నీళ్లు నిలిచాయో లేదో కూడా ఆమెకు తెలియదు. ఆ తర్వాత అది పార్కు అయి గేట్లు పడ్డాయి.

"కుంట ఎట్లుంటది అవ్వా?"

"ఒడ్డు మీద తాబేలు లెక్క ఒక బండ ఉంటది. గంత పెద్దది."

నా వేళ్లు కలం మీద ఆగిపోయాయి. ఆ బండ నాకు తెలుసు. మంచె దాని పక్కనే. ఎన్ని యాత్రల్లో అక్కడ జనాన్ని దింపానో. అక్కడ హిందీలో ఒక బోర్డు ఉండేది: సహజ నీటి గుంట. ప్రతి యాత్రలో నేనే దాన్ని చదివి, "దేవుడు తవ్విన గుంట" అని ముసలివాళ్లకు చెప్పేవాణ్ని. వాళ్లు దండం పెట్టేవారు.

"నీళ్లున్నయ్ అవ్వా. ఎండకాలం గూడ ఉంటయట" అన్నాను.

ఆమె మిగిలిన నీళ్లు తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. తర్వాత, "నువ్వు చెప్తె విన్న. మంచిది. గని నేను చూడాలె. కండ్లు పోతున్నయ్ బిడ్డా. పక్కలు కనవడయి. తలుపు సందుల కెళ్లి చూసినట్టు ముంగట ఇంత కనవడతది. అది పోకముందే అక్క జాగ చూసి రావాలె" అంది.

కార్డు తీసి ఇచ్చింది. ఆ రోజుకు లెక్కేస్తే యాభై ఒకటి.

"నువ్వు ఎప్పుడు పుట్టినవ్?"

"రజాకార్లు పోయిన ఏడు అంటరు."

నా లెక్కకు అరవై మూడు. కార్డులో పన్నెండేండ్లు ఎట్లా తగ్గాయని అడగకుండా ఉండలేకపోయాను. అప్పుడు చెప్పింది. ఓటరు కార్డుల వాళ్లు ఊరికి వచ్చిన రోజున ఆమె బావ, అంటే భర్త అన్న, అరుగు మీద కూర్చుని ఇంటిల్లిపాది వయసులూ తానే చెప్పాడట. తమ్ముళ్లకు పుట్టినప్పటి నుంచి లెక్క. కోడళ్లకు మాత్రం ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి. అంతకు ముందటి ఏండ్లు పుట్టింటివి. వాటిని ఈ ఇంటి లెక్కలో వేయడం ఆయనకు తోచలేదు. ఆ కార్డు చూసి రేషన్ కార్డు, దాన్ని చూసి ఇంకోటి.

"మరి నువ్వన్న చెప్పలేదా?"

"నన్ను ఎవలడిగిన్రు?" అని నవ్వింది. "మా తోటికోడలు నయం. కార్డుల ఆమె పెద్దకొడుకు కన్నా ఎనిమిదేండ్లే పెద్దది."

సేటు కార్డును తిప్పి తిప్పి చూశాడు. "నక్కో మున్షీ, వద్దు. ఈమెను ఎక్కిస్తే అందరు బయటనే తిరిగి రావాలె. వాళ్లు నన్ను సంపుతరు."

"దిద్దిస్త సేటూ."

"ఎక్కడ దిద్దిస్తవ్? తహశీల్ల కుక్క గూడ లేదు. అందరు టెంట్ల ఉన్నరు."

అది నిజమే. అయినా అవ్వను తీసుకుని టెంటుకే పోయాను. ఆ రోజు దవాఖాన వాళ్ల దీక్ష. నాకు తెలిసిన ఒక డాక్టరు మెడలో దండతో కూర్చుని ఉన్నాడు. వయసు ధ్రువీకరిస్తూ ఆయన ఒక కాగితం ఇస్తే గేటు దగ్గర చెల్లవచ్చని నా ఆశ. సంగతంతా విన్నాడు.

"అన్నా, నువ్వు అడిగింది తప్పు కాదు. గని ప్రమాదంల ఉన్నోళ్లకు తప్ప ఎవలకు సంతకం పెట్టొద్దని అందరం ఒట్టేసుకున్నం. ఇయ్యాల నేను ఈమెకు పెడితే రేపు ఎమ్మెల్యే మనిషి వస్తడు. ఆయనకు ఎట్ల కాదంట?"

"సమ్మె అయినంక?"

"సమ్మె ఎప్పుడైపోతదో నీకు ఎరికేనా? నాకైతే లేదు."

కోపం రాలేదు. నేను కూడా ఆ టెంటులో కూర్చున్నవాణ్నే, ఆ నినాదాలు ఇచ్చినవాణ్నే. కాని మనం మనసారా కోరుకున్న పని ఒకటి, మన పక్కన నిలబడ్డ మనిషి దారికి అడ్డం పడటం అప్పుడే మొదటిసారి చూశాను. ఏ వైపు మాట్లాడాలో తోచలేదు. ఇప్పటికీ తోచదు.

డాక్టరు మాత్రం ఊరికే పంపలేదు. దండ తీసి పక్కన పెట్టి, జేబులోంచి టార్చి తీసి, టెంటు మూలకు తీసుకుపోయి ఆమె కళ్లు చూశాడు. వేళ్లు ఆడిస్తూ కనబడుతున్నాయా అని అడిగాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"నీటి కాసులు. బాగా ముదిరింది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలవాలని చుక్కలు వేసుకోమంట, గని నిలుస్తదని చెప్పలేను. ఈమె ఏమన్న చూడాలె అనుకుంటే వచ్చే ఏడు దాక ఆగకున్రి."

ఆ మాట సేటుకు చెప్పాను. సేటు టోపీ తీసి తల గీరుకున్నాడు. "నేను ఒప్పుకుంటే ఏమైతది? పైసలు కట్టినోళ్లు ఒప్పుకోవాలె. అందరిని పిలువు. వాళ్ల ముంగట పెట్టు."

పందిరి కింద అందరూ కూర్చున్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. గేటు దగ్గర ఈమె కార్డు చెల్లకపోతే బస్సు మొత్తం బయటి బాటకే పోవాలి, అందుకు మీరు ఒప్పుకుంటారా అని.

మొదట లేచింది కిరాణం దుకాణం పెద్దాయన. దుకాణం కొడుకులకు అప్పజెప్పిన ఏడాది నుంచి పులి పులి అని మా చుట్టూ తిరుగుతున్న మనిషి.

"మున్షీ, నేను జిందగీల సగం కాంట ముంగట కూసున్న. చూసింది ఉప్పు, పప్పు. ఒక్కపారి పులిని చూడాలె అనుకుంటే నీకు ఇప్పుడే గీ ముసలామె దొరికిందా?"

"పులి కనవడతదని ఎవలు చెప్పిన్రు పెద్దాయనా? పోయినసారి పోయినోళ్లకు కోతులే కనవడ్డయ్" అన్నాడు వెనక నుంచి మా డ్రైవరు.

"కోతులను చూసుడు ఎందుకు, నిన్ను రోజు చూస్తున్నం గదా."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పెద్దాయన అవ్వ వైపు తిరిగాడు.

"ఏమవ్వా, మొదటి తెలంగాణ లొల్లి నాడు నీకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు. చిన్నోడు పాలు తాగుతుండె."

పెద్దాయన వేళ్లు ముడిచాడు. "అప్పుడు నాకు పెండ్లే కాలే. లాఠీదెబ్బ తిని ఇంట్ల పండుకున్న." అందరి వైపు తిరిగాడు. "నాకన్నా పెద్దదే. నేను అరవై నిండినోణ్ని అయితే ఈమె కాకుండ ఎట్ల పోతది?" ఈసారి ఆమెతోనే గట్టిగా అన్నాడు: "రా అవ్వా. గని గేటు కాడ వాళ్లు వద్దంటే నువ్వు దిగాలె. మమ్ముల ఆపొద్దు. ఒప్పుకుంటవా?"

"దిగుత" అంది ఆమె. "గంత దూరం వచ్చినంక అక్కకు దగ్గరనే ఉన్నట్టు గదా."

పొద్దున్నే బయలుదేరాం. సిద్దిపేట దాటి ఎంతో దూరం పోలేదు, రోడ్డు మీద ఉద్యమంవాళ్ల వంటావార్పు. నడిరోడ్డున మూడు రాళ్ల పొయ్యిలు, గుండిగల్లో అన్నం ఉడుకుతున్నది, రెండువైపులా బండ్లు బారులు తీరి ఉన్నాయి. మా బస్సు ముందరి బట్ట చూసి పిల్లలు దారి ఇవ్వబోయారు గాని, వంటలు చేస్తున్న ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ముసలోళ్లు తినకుండ పోవద్దన్నారు. దిగి, తారు రోడ్డు మీద వరుసగా కూర్చుని, విస్తర్లలో పప్పన్నం తిన్నాం. పెద్దాయన రెండుసార్లు పెట్టించుకున్నాడు. అవ్వ చేత్తో తడుముతూ ఉప్పు ఎక్కడుందో వెతుకుతుంటే పక్కన కూర్చున్నామె విస్తరిలోనే వేసింది. ఆ రోడ్డు మీద వయసు ఎవరూ అడగలేదు.

గోదావరి దాటి, సాయంత్రానికి అడవి దగ్గరి ఊరిలో ఒక సత్రంలో దిగాం. తెల్లవారి గేటు.

గేటు అధికారి మర్యాదస్తుడు. నన్ను ఎరిగినవాడు. కుర్చీ వేయించి, ఒక్కొక్కరి కార్డు చూసి పాసు రాస్తూ వచ్చాడు. అవ్వ కార్డు దగ్గర ఆగాడు. నేను చెప్పవలసిందంతా నాకు వచ్చిన హిందీలో చెప్పాను. కోడళ్ల ఏండ్లు ఎట్లా లెక్కించారో, సమ్మెలో కాగితం ఎందుకు దొరకలేదో, అంతా. శ్రద్ధగా విన్నాడు. వెక్కిరించలేదు, విసుక్కోలేదు.

"నేను మీ మాట నమ్ముతున్నాను. ఈమెను చూస్తేనే తెలుస్తున్నది. కాని నేను రాసేది నా కంటికి కనబడింది కాదు, కార్డులో ఉన్నది. పై నుంచి వచ్చి చూసేవాళ్లు కార్డునే చూస్తారు" అన్నాడు.

బతిమాలాను. తల అడ్డంగా ఊపాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను కూడా అన్నేళ్లుగా పందిరి కింద అందరికీ అదే చెబుతూ వచ్చాను.

వెనక్కి తిరిగేసరికి అవ్వ అప్పటికే లేచి నిలబడింది. ఎవరూ చెప్పలేదు. మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. సీటు పట్టుకుని, తల తిప్పుకుంటూ, ఒక్కో మెట్టు వెతుకుతూ దిగింది.  దుకాణం పెద్దాయన కిటికీ అవతలికి చూస్తూ కూర్చున్నాడు, మాట తీసుకున్నవాడు ఆయనే కాబట్టి.

"మీరు పోయిరాండ్రి" అంది ఆమె నాతో. "కుంట కాడ కట్టకు కుడిపక్కన మిట్ట ఉంటది. గాడ నిలవడి ఒక్కపారి, నీ చెల్లె గేటు దాక వచ్చింది అని చెప్పు కొడుకా. గంతే."

 అప్పుడు డ్రైవరు, స్టీరింగు మీద చేతులు వేసుకుని, ఎవరి మీదో కసి తీర్చుకున్నట్టు అన్నాడు:

"ఈమె యాభై ఒక్కేండ్ల పిల్ల గదా, ఇంత పడుచుదాన్ని గేటు కాడ ఒక్కదాన్ని ఎట్ల ఇడిసి పోతవ్ మున్షీ? నువ్వే దిగు. నీ జాగల ఈమెను పంపు. ముసలోళ్లను చెయ్యి పట్టి దించుతది."

వెటకారానికే అన్నాడు. బస్సులో ఒకరిద్దరు నవ్వారు కూడా. నవ్వు సగంలోనే ఆగిపోయింది. పెద్దాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచాడు: "గట్లనే చెయ్యున్రి! అరె, గట్లనే చెయ్యున్రి!"

నేను అధికారి వైపు తిరిగాను. తోడు మనిషికి వయసు నియమం ఏమైనా ఉందా అని అడిగాను. ఆయన ముఖంలో ఏదో కదిలింది. నియమాల పుస్తకం తెరవలేదు.

"అరవై లోపు ఉండాలి. ముసలివాళ్లను దింపి ఎక్కించే ఓపిక ఉండాలి. అందరినీ లెక్క చూసి వెనక్కి తేవాలి. చేయగలదా?"

తెలుగులో చెప్పాను. అవ్వ నడుముకు కొంగు బిగించింది. "తట్టలు మోసినదాన్ని. మనుషులను దించరాదా?"

తోడు మనిషికి ఇచ్చే ఎర్ర పట్టీ నా చేతి నుంచి విప్పి ఆమె చేతికి కట్టాను. సన్నటి చేయి, రెండు చుట్లు తిరిగింది. ఆమె బస్సెక్కింది. గేటు లేచింది. నేను బయట ఉండిపోయాను.

ఆ తర్వాతి సంగతులు నేను చూసినవి కావు. ఆ పొద్దంతా అధికారి గదిలో టీ తాగుతూ కూర్చున్నాను. మీ వాళ్లు దేనికి కొట్లాడుతున్నారని ఆయన అడిగాడు. నీళ్లకు, కొలువులకు అన్నాను. తర్వాత, ఆ మంచె దగ్గరి బోర్డు సంగతి ఎత్తాను. అది సహజమైన గుంట కాదు, మా వైపు కూలీలు కరువులో తవ్వింది అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఇప్పుడు లోపలికి పోయిన తోడు మనిషి."

ఆయన కప్పు కింద పెట్టాడు. "నేను ఇక్కడికి వచ్చి రెండేళ్లే. రికార్డులో అట్లా లేదు" అన్నాడు. బోర్డు మారుస్తానని అనలేదు. నేనూ అడగలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఇప్పుడు వేరే కాలంలో ఉన్నారు. రాష్ట్రం వచ్చింది. సేటు బస్సులు అమ్మేశాడు, మా పందిరి జాగాలో ఫోన్ల దుకాణం పడింది. పాసులు ఇంట్లో కూర్చుని తీసుకుంటున్నారు. సమ్మె ముగిసిన తర్వాత ఆ డాక్టరు తానుగా కబురు పంపి అవ్వకు వయసు కాగితం రాసిచ్చాడు, దానితో ఆమెకు పింఛను కూడా వచ్చింది. ఆమె కళ్ల గురించి ఆయన చెప్పిన మాట కూడా నిజమే అయింది. తర్వాతి వానలు వచ్చేసరికి ఆమెకు వెలుతురు, చీకటి తేడా ఒక్కటే మిగిలింది. ఒక ముసలమ్మకు అరవై మూడేళ్లని తేల్చిన నా లెక్క ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు. పనికొచ్చింది ఆమె బావ చెప్పిన తప్పు లెక్క. లెక్కల మీద బతికినవాణ్ని, దీన్ని ఏ వరుసలో వేయాలో నాకు ఈనాటికీ తెలియదు.

బస్సు తిరిగి వచ్చింది. మొదట దిగింది పెద్దాయన.

"పులి?" అన్నాను.

"పులి లేదు, గిలి లేదు" అని చేయి విదిలించాడు. నన్ను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. మంచె దగ్గర ఆమె ఒక్కొక్కరినీ చేయి పట్టి దించిందట. తనకన్నా చిన్నవాళ్లను, లావుపాటి వాళ్లను, మోకాళ్లు పట్టేసిన వాళ్లను. అందరినీ నీడలో కూర్చోబెట్టిన తర్వాతే కట్ట మీదికి పోయింది. కాపలావాడు అరవబోతే ఈయనే ఆపాడట. అక్కడ నిలబడి, తల మెల్లగా ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పింది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ. "ముక్క ముక్క చూసుకుంటున్నది మున్షీ. మేం ఎవలం మంచె ఎక్కలే. చప్పుడు చేయకుంట కూసున్నం."

అవ్వ బస్సు మెట్టు దగ్గరే నిలబడి ఉంది, ఎర్ర పట్టీతో. దగ్గరికి పోయాను.

"చూసినవా అవ్వా? అక్క జాగ దొరికిందా?"

"కుంట పెద్దగైంది కొడుకా. నీళ్లు గీడి దాక వస్తయని అప్పుడు మేస్త్రీ సున్నం గీత గీసిండు. గీత దాటి పోయినయ్. మేము నీళ్లు రావనుకున్న మిట్ట ఇప్పుడు లేదు. అది గూడ కుంటనే."

 అంత దూరం వచ్చి చూడవలసిన చోటు నీళ్ల కింద ఉందని చెబుతున్నది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె నా ముఖం వెతికి, ఆ ఇరుకు చూపులో నన్ను నిలిపి, మెల్లగా చెప్పింది.

"అక్కకు జరమొచ్చింది. దూప, దూప అన్నది. కరువాయె, నీళ్లు ఎక్కడున్నయ్? ఆ పక్క పల్లెల బావి. నేను ఉరికిన. కుండ తీసుకొని వచ్చేటాలకు పాణం పోయింది. ఆ కుండ నీళ్లు ఏం చేసిన్నో గూడ నాకు యాదికి లేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడు నిండ నీళ్లల్ల పండుకున్నది. ఇగ నేను ఉరుకుడు లేదు."

పక్కనే ఉన్న పెద్దాయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

అందరూ ఎక్కారు. పట్టీ ఇవ్వమని నేను అడగలేదు, ఆమె విప్పలేదు. నేను పోయి ఆమె సీట్లో కూర్చున్నాను. ఆమె ముందు సీటు నుంచి వెనక సీటు దాకా నడిచి, ప్రతి ఒక్కరి భుజం మీద చేయి వేసి తడుముతూ లెక్క చూసుకుంది. నా భుజం మీద కూడా. తిరిగి తలుపు దగ్గరికి వచ్చి కడ్డీ పట్టుకుని నిలబడింది.

డ్రైవరు బండి చాలు చేసి, వెనక్కి చూడకుండా, ఈసారి వెటకారం లేకుండా అడిగాడు:

"అవ్వా, అందరు వచ్చిన్రా?"

ఆమె అడవి వైపు తల తిప్పింది.

"ఒక్కలు తక్కువ" అంది. "పోనియ్ కొడుకా."